బాలనర్సింహ బోరుకు కాపలా

నాచారం పాత ఊళ్ళో ఆకుపచ్చ గేటున్న ఇల్లు బాలనర్సింహది. గేటు లోపల ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో బాలనర్సింహ, ఒళ్ళో పొడుగాటి నోటుపుస్తకం. ఆ ఇంటికి వచ్చిన ప్రతి కొత్త మనిషి పేరూ, ఊరూ, ఫోన్ నంబరూ, వచ్చిన టైమూ, పోయిన టైమూ ఆ పుస్తకంలో ఎక్కాల్సిందే. గ్యాస్ బండ తెచ్చినవాడైనా, కరెంటు మీటరు చూసేవాడైనా, పెళ్ళి కార్డు పట్టుకొచ్చిన వియ్యంకుడి తమ్ముడైనా సంతకం పెట్టకుండా గడప తొక్కలేదు. సంతకం రానివాళ్ళ కోసం కుర్చీ కింద ఇంకు ప్యాడు కూడా ఉండేది.

"తెలువని మనిషంటే మూత పెట్టిన కుండ. లోపల పాలున్నయో పామున్నదో ఎవనికెరుక?" అనేవాడు. ఈ మాట ఆయన సొంతం. రోజుకు కనీసం రెండుసార్లు వాడుకునేవాడు.

ఆయన పుట్టేనాటికి నాచారం ఊరే. తండ్రి జొన్నలూ ఆకుకూరలూ పండించి లాలాపేట్‌లో అమ్ముకునేవాడు. ఫ్యాక్టరీలొచ్చాయి, పొలం పోయింది, పొలం పోయినందుకు అందులోనే లేచిన రాగి తీగల ఫ్యాక్టరీ గేటు దగ్గర కొడుక్కి ఉద్యోగమిచ్చారు. అలా తండ్రి తోటకూర మడిలో నిలబడి బాలనర్సింహ ముప్పై మూడేళ్ళపాటు వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ "ఎవరు నువ్వు? ఎవరు గావాలె?" అని అడిగాడు. అంతకాలం ఒకే ప్రశ్న అడిగితే మనిషి ఆ ప్రశ్న ఆకారంలోకే వంగిపోతాడు. ఆయన మెడ అప్పటినుంచే కాస్త ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది.

ఆ ఉద్యోగంలో ఆయనకు ఒకే ఒక్క మచ్చ. స్టోర్ కీపర్ విజయభాస్కర్ రోజూ సాయంత్రం ఐదున్నరకు స్కూటరు మీద బయటికి పోయేవాడు. ముందర హుక్కుకు నాలుగు గిన్నెల క్యారియర్. బాలనర్సింహ సలాము కొట్టి గేటు బార్లా తెరిచేవాడు. ఒకరోజు మాత్రం కాస్త ఆలస్యమైంది. ఎందుకంటే ఆయన కొత్తగా వచ్చిన కొరియర్ మనిషి సంచిని నేలమీద బోర్లించి, జేబులోని దువ్వెన కూడా తీయించి చూస్తున్నాడు. విజయభాస్కర్ స్కూటరును పక్కనుంచి పోనిచ్చాడు. స్పీడ్ బ్రేకర్ మీద స్కూటరు ఎగిరి, హుక్కు తెగి, నాలుగు గిన్నెలూ నాలుగు దిక్కులకు దొర్లాయి. వాటిలోంచి పప్పూ రాలేదు, పచ్చడీ రాలేదు. చుట్టలు చుట్టలుగా రాగి తీగ, ఎండకు తళతళలాడుతూ బాలనర్సింహ బూట్ల దాకా వచ్చింది. పదకొండేళ్ళుగా ఆ పెద్దమనిషి రోజూ భోజనం తెచ్చుకుని రాగి పట్టుకెళ్తున్నాడట.

"ఒక్కనాడన్నా మూత తీసి చూడలేదేమయ్యా?" అని మేనేజరు అరిచాడు.

"సారును ఎట్ల సూస్తం సార్? రోజు కనబడే మనిషాయె!" అన్నాడు బాలనర్సింహ, నిజంగానే ఆశ్చర్యపోయి.

మెమో ఇచ్చారు. ఆయన ఆ మెమో చదివి, బాగా ఆలోచించి, చివరికి ఒక నిర్ణయానికి వచ్చాడు: "ఎవడో బయటోడే సారును ఖరాబ్ జేసిండు." ఆ నిర్ణయం ఇప్పటికీ మారలేదు.

రిటైరయ్యాక కాపలాను ఇంటికి తెచ్చుకున్నాడు. ఇంట్లో భార్య ఈరమ్మ, పై అంతస్తులో కొడుకు ధర్మేందర్, కోడలు పూర్ణిమ. వెనక వరసగా నాలుగు కిరాయి గదులు. ఇంతమంది క్షేమం కోసం ఆయన భయపడని వస్తువు లేదు, ఆ వస్తువు కొత్తదైతే చాలు. మెట్రో ఎక్కడు. "గాల్లె పోయే బండి, నడిపేటోని మొకం గూడ కనబడది." దానికి బదులు పాత స్కూటరు మీద, యూటర్న్ దూరమని, నాచారం నుంచి హబ్సిగూడ దాకా రోజూ రాంగ్ సైడులో పోతాడు. హెల్మెట్ అద్దానికి వేలాడుతుంది. కూకట్‌పల్లి పోవాల్సి వస్తే మాత్రం నెత్తిన పెడతాడు, ఎందుకంటే ఆ దిక్కు రోడ్లు ఆయనకు ఎరుక లేవు. ఒకసారి మోకాలు, ఒకసారి మెడ కింది ఎముక విరిగాయి. రెండూ ఇంటినుంచి కేకేస్తే వినపడే దూరంలోనే. "అవి పడుడు కాదు, జారుడు," అంటాడు.

ఇక నీళ్ళ సంగతి. గల్లీలో అందరూ నల్లా కనెక్షన్ తీసుకున్నా ఆయన తీసుకోలేదు.

"ఎక్కడి నది? ఎన్ని జిల్లాల మీదికెళ్లొస్తది? నడుమల ఎవడేం కలుపుతడో! మన బోరు మన కండ్ల ముందటుంటది."

కళ్ళముందు ఉన్నది పైపు మాత్రమే. రెండువందల అడుగుల కింద ఏముందో ఆయనా చూడలేదు, ఆయన తండ్రీ చూడలేదు. అయినా ఆ నీళ్ళకు ఆయన పెట్టుకున్న పేరు 'తల్లి పాలు'.

అదే గల్లీలోకి మురుగు పోయే మోరీ లైన్ వేయడానికి పనివాళ్ళు వచ్చినప్పుడు కూడా గేటు దగ్గరే ఆపేశాడు. పాలమూరు నుంచి వచ్చిన నలుగురు మనుషులు, చేతుల్లో గడ్డపారలు. "తెలువనోళ్ళను ఇంట్లకు రానిచ్చి నా వాకిలి తవ్విపియ్యాలెనా?" అన్నాడు. వాళ్ళు నవ్వుకుని పక్కింటికి పోయారు. దాంతో ఆ ఇంటి నాలుగు గదుల మరుగుదొడ్లూ, పై అంతస్తు సందాసూ, కింది అంతస్తుదీ కలిసి ముప్పై ఏళ్ళనాటి సెప్టిక్ ట్యాంకులోకే పోతూ వచ్చాయి. అది కట్టింది మేనబావ సత్తయ్య. కట్టేటప్పుడు బాలనర్సింహ ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. "మా బావ కడితే ఇగ సూసేదేముంటది?" బోరుకూ ట్యాంకుకూ మధ్య దూరం ఎనిమిది అడుగులు. అంటే ఈరమ్మ అడుగులు. బాలనర్సింహవైతే ఆరే.

అలాంటి ఇంట్లోకి నాలుగో గది కిరాయికి కావాలని ఎస్తేర్, శాంసన్ వచ్చారు. జనగామ వైపు పల్లెవాళ్ళు, పెళ్ళై ఏడాది. బాలనర్సింహ వాళ్ళను గేటు బయటే నిలబెట్టి ముప్పావుగంట ప్రశ్నలడిగాడు. శాంసన్ ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో రాత్రి షిఫ్టు, పగలు పడుకుంటాడు. అక్కడే ఒక అనుమానం.

"నువ్వేం జేస్తవమ్మా?"

"ల్యాబ్‌ల పనిచేస్త అంకుల్. నీళ్ళు, పాలు, తినే సామాన్లు టెస్ట్ చేస్తం."

"మందులుంటయా?"

"కెమికల్స్ ఉంటయ్ అంకుల్."

ఆయన పుస్తకంలో 'కెమికల్స్' అని రాసి కింద రెండు గీతలు గీశాడు. లేదనేవాడే. కానీ పెళ్ళైన నలభై ఏళ్ళలో ఇది కావాలి అని పెద్దగా అడగని ఈరమ్మ వెనకనుంచి, "పిల్ల మొకం మంచిగున్నది, ఇయ్యి," అంది. ఇచ్చాడు.

వచ్చిన మూడో రోజు ఎస్తేర్ బిందెలో నీళ్ళు వాసన చూసి వచ్చింది. "అంకుల్, బోరు నీళ్ళు ఒకసారి టెస్ట్ చేద్దామా? పైసలేం తీసుకోరు, మా దగ్గరే చేస్తం."

బాలనర్సింహకు ఆమె తన తల్లి గురించి తప్పుగా మాట్లాడినట్టు అనిపించింది. "మొన్నొచ్చి నా నీళ్ళకు పరీక్ష పెడుతవా బిడ్డా? గీ నీళ్ళు తాగే నాకు అరవై నాలుగేండ్లు వచ్చినయ్." బోరు వేసి ముప్పై ఏళ్ళే అయిందని పూర్ణిమ పైనుంచి అనబోయి మానుకుంది.

ఆ తర్వాత ఆ దంపతులు క్యాన్ నీళ్ళు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. ఆ సంగతి కూడా పుస్తకంలోకి ఎక్కింది.

జూలైలో వాన పట్టుకుంది. ఉప్పల్ నుంచి మల్కాజిగిరి దాకా ఎక్కడ చూసినా మోకాలి లోతు నీళ్ళు. వారంలోపే పూర్ణిమకు వాంతులు మొదలయ్యాయి. తర్వాత ధర్మేందర్‌కు కడుపు పట్టేసింది. రెండో గదివాళ్ళకు జ్వరం. బాలనర్సింహ తనకేమీ కాలేదన్నాడు గానీ, గేటు కుర్చీలోంచి రోజుకు ఎనిమిదిసార్లు లేచి లోపలికి పరుగెత్తాడు. ఆ పోయిన టైమూ వచ్చిన టైమూ మాత్రం పుస్తకంలో రాయలేదు.

ఇంట్లో అందరూ పడ్డారు. పడనిది నాలుగో గదివాళ్ళు ఇద్దరే.

"వాళ్ళకెందుకు రాలే?" అన్నాడు ఆయన, కొడుకును పక్కకు పిలిచి.

"క్యాన్ నీళ్ళు తాగుతున్నరు కద నాయినా."

"అదే అంటున్న! మన నీళ్ళెందుకు తాగుతలేరు? ఏం కలిసిందో వాళ్ళకెరుక గనుకనే కదా?"

ధర్మేందర్ ఉప్పల్‌లో మొబైల్ షాపులో పని చేస్తాడు. రోజంతా కస్టమర్లతో వాదించి వచ్చేవాడు ఇంట్లో వాదించడు. కాబట్టి ఆ తర్కం ఎదురులేకుండా పెరిగింది. కెమికల్స్ పని, పగలు పడుకునే మొగుడు, క్యాన్ నీళ్ళు. ఇంకేం కావాలి?

బాలనర్సింహ బోరు నల్లాకు ఇనుప పెట్టె చేయించి తాళం వేశాడు. గోడకు కెమెరా పెట్టించాడు, కొడుకు స్నేహితుడి చేత, ఎందుకంటే తెలియనివాడి చేత కెమెరా పెట్టించడం ప్రమాదం. ఇక పగలంతా కుర్చీలో కూర్చుని ఫోనులో బోరు బొమ్మ చూసుకునేవాడు. ఆ బొమ్మలో ఒక మూలకు సెప్టిక్ ట్యాంకు మూతా, దాని చుట్టూ ఎండొచ్చినా ఆరని తడీ, ఆ తడి మీద ముసిరిన ఈగలూ శుభ్రంగా కనిపించేవి. దాన్నెవరూ అనుమానించలేదు. అది ముప్పై ఏళ్ళనుంచీ ఇంటి మనిషి.

కాపలా మొదలైన పదోరోజు ఈరమ్మ కళ్ళు పచ్చబడ్డాయి. అప్పటికి నాలుగు రోజులుగా ఆమె అన్నం ముట్టలేదు. ఆ సంగతి ఆయన గమనించలేదు. బోరును గమనిస్తున్నాడు. పసిరికలన్నారు. ఆయన ఆమెను స్కూటరు వెనక కూర్చోబెట్టి బోడుప్పల్ దగ్గర పసరు పోసే మనిషి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ పసరులో ఏముంటుందో ఆ మనిషి చెప్పడు, బాలనర్సింహ అడగలేదు. వాళ్ళ నాయిన బాలనర్సింహ నాయినకు పోశాడు, అది చాలు. ఈరమ్మ తాగింది, వచ్చే దారంతా కక్కింది. మూడోరోజు లేచి నిలబడలేక గోడ పట్టుకుని జారిపోతే పూర్ణిమ మామను అడగకుండా ఆటో పిలిచి సర్కారు దవాఖానాకు తీసుకుపోయింది.

అక్కడి డాక్టరమ్మ సెలైన్ ఎక్కించి, "నీళ్ళ వల్ల వచ్చింది. ఇంట్లో అందరూ కాచి తాగండి, నీళ్ళెక్కడివో చూపించుకోండి," అని చెప్పింది. బాలనర్సింహ ఆమెను ఏ ఊరు అని అడిగాడు. ఆమె చెప్పలేదు. అందుకని ఆమె చెప్పిన దాంట్లో ఆయన తనకు కావలసిన ముక్కే తీసుకున్నాడు: నీళ్ళలో ఉంది. అంటే కలిపారు.

ఈరమ్మ ఆరు రోజులు దవాఖానాలో ఉంది. శాంసన్ డ్యూటీ దిగి నేరుగా అక్కడికి వచ్చి మందులు తెచ్చిపెట్టేవాడు. ఎస్తేర్ సాయంత్రాలు గంజి తెచ్చేది. బాలనర్సింహ ఆ గంజిని మొదట పూర్ణిమ చేత తాగించి, పావుగంట ఆగి, అప్పుడు భార్యకు ఇవ్వనిచ్చేవాడు.

ఆమె ఇంటికి వచ్చిన రెండోరోజు పొద్దున ఫోను టింగుమంది. కెమెరా ముందు ఎవరో కదిలారు. టైము ఐదూ నలభై. బాలనర్సింహ మంచం మీదనే లేచి కూర్చుని చూశాడు. ఇన్నాళ్ళ కాపలా ఫలించింది.

బొమ్మలో ఎస్తేర్. ఆమె ఇనుప పెట్టె తాళాన్ని తాళంచెవితో తీసింది. తాళంచెవితో! చిన్న సీసాలోంచి నల్లా మూతి మీద ఏదో చల్లింది. లైటర్ వెలిగించి మూతిని మంటతో కాల్చింది. కాసేపు నీళ్ళు వదిలింది. ఇంకో సీసా తీసి నల్లా దగ్గర పెట్టింది. మూత బిగించింది, సంచిలో వేసుకుంది, తాళం వేసి పోయింది.

ఆయన ఆ వీడియో ముక్కను ఏడుసార్లు చూశాడు. ఏడుసార్లూ ఆమె బోరులో విషం పోస్తున్నట్టే కనిపించింది. ఎనిమిదోసారి చూడకుండా ఊరివాళ్ళ గ్రూపులో పెట్టాడు. కింద ఒక్క వేలితో రాశాడు: 'నీళ్ళల్ల మందు కలుపుతున్న ఆడామె. అందరు జాగర్త. అందరికి పంపండి.' అందరికీ పంపమన్న మాటను ఆ ఊళ్ళో ఎవరూ కాదనరు.

ఎనిమిదింటికల్లా వాకిలి నిండింది. ఎదురింటి రాజేశ్వరమ్మ ఫోను కళ్ళకు ఆనించుకుని చూసి, "మంట పెట్టింది సూడు నర్సన్నా. గది మందు గాదు, మంత్రం!" అంది. పోలీసులను పిలుద్దామని ఒకరు, ముందు మనమే అడుగుదామని ఇంకొకరు. డ్యూటీకి బయల్దేరిన ఎస్తేర్‌ను నడుమ నిలబెట్టారు. నిద్ర కళ్ళతో శాంసన్ బనీను మీదే పరుగెత్తుకొచ్చాడు.

"ఏం పోసినవ్ మా నీళ్ళల్ల?" అన్నాడు బాలనర్సింహ. ఫ్యాక్టరీ గేటు దగ్గరి గొంతు చాన్నాళ్ళకు పూర్తిగా తెరుచుకుంది.

"పోయలే అంకుల్. పట్టిన."

"సాక్ష్యమున్నది నా దగ్గర!"

"సాక్ష్యంలనే సూడుండ్రి. చల్లింది స్పిరిటు. నల్లా మూతికున్న మురికి నీళ్ళల్ల కలవొద్దని చల్లి కాలుస్తం. తర్వాత సీసాల నీళ్ళు పట్టిన. టెస్టుకు."

"మరి తాళంచెవి యాడిది? దొంగ తాళంచెవి జేయించినవా?"

ఎస్తేర్ కళ్ళు బాలనర్సింహ భుజం మీదుగా తలుపు వైపు పోయాయి. అందరూ అటు చూశారు. గడప పట్టుకుని ఈరమ్మ నిలబడి ఉంది. పసుపు రంగు ఇంకా పోని మొహం, ఆరు రోజుల్లో సగమైన మనిషి.

"నేనిచ్చిన, ఇంట్లున్న రెండో తాళంచెవి," అంది. "నేనే నీళ్ళు పట్టుకపోయి సూడుమని చెప్పిన, దవాఖానాల ఉన్నప్పుడు. నీకు చెప్తే పట్టనిస్తవా?"

వాకిట్లో జనం మెల్లగా చెప్పులు వెతుక్కున్నారు. రాజేశ్వరమ్మ మాత్రం, "రిపోర్టు రానీ, అప్పుడు తెలుస్తది," అని గౌరవంగా వెనక్కి తగ్గింది.

రిపోర్టు రెండురోజులకు వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే పూర్ణిమ చదివింది. తాగడానికి పనికిరావు అన్నదాకా బాలనర్సింహ అడ్డం రాకుండా విన్నాడు. ఆ తర్వాత ఒక పేరొచ్చింది, ఈ-కోలై.

"ఎవడు వాడు?"

"మనిషి గాదు అంకుల్," అంది ఎస్తేర్. "పురుగు. కంటికి కనబడది."

"ఏడికెళ్ళొచ్చింది?"

"మనుషుల కడుపులకెళ్ళి. సందాసుకు పోయినప్పుడు పడ్తది."

"ఏ మనుషుల?"

ఎస్తేర్ తల దించుకుంది. పూర్ణిమ కాగితం మడిచి, "మనయే మామయ్యా," అంది.

బాలనర్సింహకు అవమానం ముంచుకొచ్చింది. "మా ఇంటోళ్ళ కడుపులల్ల గసుంటివి ఉండయి. కిరాయిదార్లయి అయ్యుంటయి."

అప్పుడు ఎస్తేరే దారి చెప్పింది. ల్యాబులో ఒక ఎర్రపొడి ఉంటుంది, నీళ్ళలో పడితే చిలకపచ్చ రంగుకు తిరుగుతుంది, మనిషికి హాని లేదు. దాన్ని సందాసులో పోస్తే ట్యాంకులోకి పోతుంది. ట్యాంకు గట్టిగా ఉంటే అక్కడే ఉంటుంది. ఓడుతుంటే బోరులో తేలుతుంది.

బాలనర్సింహ వెంటనే ఒప్పుకున్నాడు. సత్తయ్య బావ పనితనం లోకానికి తెలిసే రోజొచ్చిందనుకున్నాడు. షరతులు మాత్రం పెట్టాడు. పొట్లం తన ముందే విప్పాలి. తన చేత్తో తన సందాసులోనే పోస్తాడు. బోరు పెట్టెకు కొత్త తాళం, చెవి తన మొలతాడుకు. అంతా ఆయన అనుకున్నట్టే జరిగింది. పొడి పోసి, నాలుగు చెంబుల నీళ్ళు కొట్టి, వచ్చి బోరు పక్కన కుర్చీ వేసుకున్నాడు. రెండురోజులు నీళ్ళు తేటగానే వచ్చాయి. "సూసిన్రా?" అని గల్లీలో కనిపించిన ప్రతివాడితో అన్నాడు. రాజేశ్వరమ్మ ఇంటికి పోయి మరీ చెప్పొచ్చాడు.

మూడోరోజు పొద్దున్నే స్నానానికి దిగాడు. బల్బు మాడిపోయిన బాత్రూములో ఆరు చెంబులు నెత్తిన పోసుకుని, పుక్కిలించి, తెల్ల తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. తువ్వాలు లేత చిలకపచ్చగా ఉంది. ఆయన దాన్ని తిప్పి చూశాడు. చెవి వెనక వేలుతో రాసి వేలు చూసుకున్నాడు. వెనక్కి పోయి బకెట్టును వాకిట్లోకి, ఎండలోకి లాక్కొచ్చాడు. బకెట్టు నిండా రామచిలక రంగు.

మెట్ల మీద పూర్ణిమ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. నాలుగో గది తలుపు తీసిన ఎస్తేర్ చూసి, ఏమీ అనకుండా మళ్ళీ దగ్గరికి వేసింది. ఆ మర్యాదే ఆయనకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది.

ఈరమ్మ మెల్లగా వచ్చి బకెట్టు పక్కన అరుగు మీద కూర్చుంది.

"పొడి ఎవరు పోసిన్రు?" అంది.

"నేనే."

"తాళంచెవి ఎవరి దగ్గరుండె?"

"నా దగ్గరే."

"మరి ఇప్పుడు ఎవరి మీద కేసు పెడుతవ్?"

ఆమె గొంతు పెంచలేదు. ఈరమ్మ గొంతు పెంచగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. "నెల రోజులు బోరుకు కావలి గూసున్నవ్. ఎవడొచ్చిండు, ఎవడు పోయిండు, అన్ని రాసినవ్. నేను నీ ముందట్నించే రోజుకు పదిమాట్ల సందాసుకు పోయిన. ఒక్కపారన్నా ఏమైందే అని అడిగినవా? నేను గూడ రోజు కనబడే మనిషినే కదా, నన్నేం సూస్తవ్!"

బాలనర్సింహ తువ్వాలును ఉండచుట్టి చంకలో పెట్టుకుని లోపలికి పోయాడు. ఆ పూట గేటు దగ్గరికి పోలేదు. మధ్యాహ్నం తనే పొయ్యి ముట్టించి నీళ్ళు కాచాడు. ఏ గిన్నె ఎక్కడుంటుందో తెలియక మూడుసార్లు ఈరమ్మను అడిగాడు.

సెప్టిక్ ట్యాంకు తెరిపిస్తే తెలిసింది, దానికి అడుగు లేదు. సత్తయ్య నాలుగు గోడలు కట్టి, కింద మట్టి మట్టిలాగే వదిలేసి, పైన మంచి నున్నటి మూత వేశాడు. మూత మాత్రం చాలా బాగుంది. సత్తయ్యను పిలిపించి అడిగితే, "అప్పట్ల అందరికి గట్లనే కడుతుంటిమి బావా. నువ్వు అడగలే, నేను చెప్పలే," అన్నాడు. బాలనర్సింహ ఆయనకు చాయ్ పోయించి పంపాడు. ఎంతైనా మనోడు. మోరీ లైనుకు కనెక్షన్ ఇవ్వడానికి ఈసారి వచ్చిన కూలీలకు మాత్రం ఈరమ్మే ఎదురుపోయి గేటు తీసింది. నల్లా కూడా పెట్టించారు. మొదటి గ్లాసు నీళ్ళు బాలనర్సింహ కళ్ళు మూసుకుని తాగాడు. ఏ రుచీ లేదని ఫిర్యాదు చేశాడు.

అంతటితో అయిపోయేదే. కానీ ఆ వీడియో ఎప్పుడో గల్లీ దాటింది. నాచారం గ్రూపులోంచి రామంతాపూర్ గ్రూపులోకి, అక్కడినుంచి ఉప్పల్ అపార్ట్‌మెంట్ల గ్రూపుల్లోకి పోయింది. పోయిన చోటల్లా కాస్త పెరిగింది. మొదట నీళ్ళలో మందు, తర్వాత పిల్లలకు మత్తుమందు, ఆ తర్వాత ఆమె ఒక్కతి కాదు, గ్యాంగు. ఒకరోజు ఉప్పల్ బస్సులో ఇద్దరు ఆడవాళ్ళు ఎస్తేర్ మొహం చూసి, ఫోను చూసి, మళ్ళీ మొహం చూసి, పిల్లలను దగ్గరికి లాక్కున్నారు. ఇంకోరోజు ల్యాబు గేటు దగ్గర వాచ్‌మన్ అదే వీడియో చూపించి, "మేడం, గిది మీరేనా?" అని అడిగాడు.

శాంసన్ వచ్చి గది ఖాళీ చేస్తామన్నాడు. బాలనర్సింహ గొంతు సవరించుకున్నాడు. "ఉండుండ్రి. ఇప్పుడు నీళ్ళు గూడ మంచిగయినయ్ కద."

"నీళ్ళ కోసం పోతలేం అంకుల్," అన్నాడు శాంసన్.

సామాను ఆటో ట్రాలీలో ఎక్కుతుంటే బాలనర్సింహ ఎస్తేర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రెండు రోజులుగా ఈరమ్మ ఆయనతో ఒకే మాట అంటోంది, నీ నోటితో చెప్పు అని. ఆయన నేల చూశాడు, గోడ చూశాడు, కెమెరా చూశాడు.

"కెమెరా జర తప్పు సూపెట్టింది బిడ్డా," అన్నాడు.

ఎస్తేర్ ఒక్క క్షణం ఆయన్ని చూసింది. "కెమెరా మంచిగనే సూపెట్టింది అంకుల్," అని ఈరమ్మ చేతులు పట్టుకుని, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి ట్రాలీ ఎక్కింది. మల్కాజిగిరిలో రైల్వే స్టేషన్ వెనక గది దొరికిందట. నెలకోసారి ఈరమ్మ షేర్ ఆటోలో పోయి చూసొస్తుంది. ఆయన్ని రమ్మనదు. ఆయన వస్తాననడు.

దసరా అయ్యాక ఒక సాయంత్రం బాలనర్సింహ ఫోనుకు వీడియో వచ్చింది. పంపింది లాలాపేట్‌లో ఉండే మేనల్లుడు. తన వాకిలే, తన బోరే. కింద ఎర్ర అక్షరాల్లో కొత్త రాత: వరంగల్ దగ్గర ఒక ఊళ్ళో పట్టుబడిన విషకన్య, మీ పిల్లలను కాపాడుకోండి.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని ఒక్క వేలితో రాయడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. 'అది వరంగల్ కాదు. మా ఇల్లు. ఆ బోరు నాది. ఆ పిల్ల నీళ్ళు పట్టింది. పొయ్యలే. మంచిది ఆ పిల్ల. ఇది ఎవరికి పంపకు.'

మేనల్లుడి జవాబు వెంటనే వచ్చింది. 'మామా, నువ్వు అమాయకునివి. గిట్లనే ఎవలు చెప్పినా నమ్ముతవ్. వీడియోల సాఫ్ కనబడుతుంది కద, పోస్తనే ఉన్నది. బయటోళ్ళను అస్సలు నమ్మద్దు.' దానికింద రెండు చేతులు జోడించిన బొమ్మ. దానికింద, ఇంకెవరో ఆడమనిషిది, ఇంకో వీడియో.

బాలనర్సింహ వేలు ఆ రెండో వీడియో మీద కాసేపు ఆగింది. లోపలినుంచి ఈరమ్మ నల్లా వచ్చిందని కేకేసింది. ఆయన ఫోను జేబులో వేసుకుని డ్రమ్ము పెట్టడానికి లేచాడు.